గుడారం తప్పు లేదండీ, తప్పంతా మనదే!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా కొంచెం ఘాటుగానే ఉంటుంది. మా టీములో కొంతమందికి కోపం రావచ్చు. రానివ్వండి. మూడు రోజులపాటు మెయిళ్ళలో అందరూ కలిసి నన్ను వాయించారు, నేను ఒక్క టపాతో సరిపెడుతున్నా.

సంగతి ఏంటంటే, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా అమ్మ పుట్టిల్లు ఉప్పాడ. తుపాను దాటింది అక్కడ కాకపోయినా సముద్రం ఉప్పాడని వదల్లేదు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు మళ్ళీ దెబ్బతింది. మా ఆఫీసులో అందరూ మంచి మనసుతో చందాలు వేశారు. అంతవరకూ బానే ఉంది. ఆ డబ్బుతో ఏం కొనాలి అన్న దగ్గరే పేచీ మొదలైంది.

నేనేమన్నానంటే, ఆన్ లైన్లో దొరికే నలభై చిన్న టెంట్ల బదులు పది మంచి నూలు కాన్వాస్ గుడారాలు కొందాం. మా మావయ్యకి అక్కడ సప్లై కంపెనీ ఉంది, పెళ్ళిళ్ళకి షామియానాలూ కుర్చీలూ వంటపాత్రలూ అద్దెకిస్తాడు. ఆయన దగ్గరుండి వేయిస్తాడు, పనయ్యాక ఉతికి ఆరబెట్టి దాచి పెడతాడు, వచ్చే తుపానుకి మళ్ళీ పనికొస్తాయి అని. దానికి వచ్చిన జవాబులు మూడు రకాలు.

ఒకటి: "కాటన్ టెంటా? ఏ కాలంలో ఉన్నావ్ బాస్?"

రెండు: "కాటన్ తడుస్తుంది, కారుతుంది. పాలిస్టర్ అయితే వాటర్ ప్రూఫ్."

మూడు: "మెయింటెనెన్స్ ఎవడు చేస్తాడు?"

ఓటింగ్ పెట్టారు. నేను ఓడిపోయా. రంగురంగుల డోమ్ టెంట్లు నాలుగు రోజుల్లో వచ్చేశాయి. వాటిని బండిలో వేసుకెళ్ళి ఇచ్చొచ్చింది కూడా నేనే. ఫోటోలు బాగా వచ్చాయి. ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టారు.

ఫోటో తీశాక ఏం జరిగిందో ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్తా.

డబ్బా మీద నలుగురు పడతారని రాసి ఉంటుంది. ఆ టెంటు కొలత సుమారు 2.1 మీటర్లకి 2.1 మీటర్లు, అంటే 4.4 చదరపు మీటర్లు. సహాయ శిబిరాలకి ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాలు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలంటాయి. అంటే నలుగురి టెంటు ఒక మనిషికి సరిపోతుంది! మేం ఇచ్చిన ఒక ఇంట్లో ఐదుగురు: మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక మామ్మ. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. మామ్మ నడుం వంచి లోపలికి వెళ్ళలేక బయటే కూర్చుండిపోయింది. "ఏం బాబూ, ఇది పిల్లలాడుకునేదా, మేం పడుకునేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పగలు పదిన్నరకే లోపల ఆవిరి పట్టినట్టు ఉడికిపోతుంది. రాత్రి ఐదుగురి ఊపిరీ ఆ ప్లాస్టిక్ లోపలి వైపు నీళ్ళయి మొహాల మీద పడుతుంది. బయట వాన లేకుండానే లోపల వాన! సముద్రపు గాలికి ఆ సన్న ఫైబర్ పుల్లలు ఒక్కొక్కటీ విరిగాయి. నెల తిరిగేసరికి చాలావాటిని కోసి పడవ ఇంజన్ల మీదా, వలల మీదా కప్పుకున్నారు. వాళ్ళ తెలివికి దణ్ణం పెట్టాలి. మనం ఇచ్చినదాన్ని దేనికి పనికొస్తుందో దానికి వాడుకున్నారు.

డోమ్ టెంటు మీద నాకు పగేం లేదండోయ్. ట్రెక్కింగుకి నాకూ ఒకటుంది. వీపు మీద మోసుకెళ్ళి ఒక రాత్రి పడుకుని వచ్చెయ్యడానికి అంతకన్నా మంచిది లేదు. ఒక రాత్రికి తయారుచేసిన వస్తువుని ఇల్లు పోయిన మనిషికి మూణ్ణెల్ల ఇల్లుగా ఇవ్వడం దగ్గరే నా గొడవ.

సరే, ఇప్పుడు ఒక్కో జవాబూ చూద్దాం.

"ఏ కాలంలో ఉన్నావ్?"

నూలు గుడ్డతో గాలినీ నీటినీ ఎదుర్కోవడం మన తీరానికి కొత్త కాదు. ఉప్పాడకి దక్షిణాన, కాకినాడ అవతల కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, తెరచాప గుడ్డ తెలిసిన ఊరు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుపాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టేశాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి తుపానుల లెక్కలన్నీ పోగుచేసి, 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో 'సైక్లోన్' అనే మాట వాడాడు. మనం రోజూ వాతావరణ వార్తల్లో వినే మాట పుట్టిన కథలో మన కోరంగి కూడా ఉందన్నమాట.

ఆ కాలం వాళ్ళు నూలుని ఎలా కాపాడుకున్నారో తెలుసా? కిళ్ళీలో వేసే కాచు ఉంది చూడండి, అదే. నీళ్ళలో కాచు మరిగించి అందులో తెరచాపలూ నూలు వలలూ ముంచేవారు. అందులోని వగరు గుడ్డకి పట్టి, అంత తొందరగా కుళ్ళనిచ్చేది కాదు. ఇంగ్లండు జాలర్లు కూడా ఇదే కాచుని మన వైపు నుంచి తెప్పించుకుని వాడారు. పాత ఫోటోల్లో వాళ్ళ తెరచాపలు ఎర్రమట్టి రంగులో ముదురుగా కనిపించడం దీని వల్లే.

పోనీ అది పాత కథ అనుకుందాం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాళ్ళ ఫ్యామిలీ టెంటు పైగుడ్డ దేనితో చేస్తారు? నూలూ పాలిస్టరూ కలిపి నేసిన కాన్వాస్ తోనే. ముందూ వెనకా వసారాలతో కలిపి 23 చదరపు మీటర్లు, ఐదుగురికి లెక్కేసి చేసింది. లోపల మనిషి నిలబడొచ్చు. అంతా ప్లాస్టిక్ తో చేస్తే చవకని వాళ్ళకి తెలియకనా? లోపల మనుషులు నెలల తరబడి బతకాలని తెలుసు కాబట్టి నూలుని పూర్తిగా వదల్లేదు.

"తడుస్తుంది, కారుతుంది"

ఇది నాకు బాగా మండిన జవాబు. ఎందుకంటే సగం నిజం. కొత్త కాన్వాస్ మొదటి వానకి కారుతుంది. అది చూసి "డొక్కు సరుకు" అని మూలన పడేస్తారు. కారడం గుడ్డ తప్పు కాదు, దాన్ని సిద్ధం చెయ్యని మన తప్పు.

మావయ్య దగ్గర ఒక పాత కాన్వాస్ గుడారం ఉంది. 1996 నవంబరు 6న కోనసీమని ముంచేసిన తుపాను తర్వాత కొన్నాడు. అంటే దాని వయసు నాకంటే ఓ ఏడాది ఎక్కువ. ఇప్పటికీ కారదు. డోమ్ టెంట్లు ఇచ్చొచ్చిన రోజు సాయంత్రం నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే, "రారా అల్లుడూ, దీన్ని వేద్దాం, ఆ మామ్మగారిని ఇందులోకి మారుద్దాం" అని దాన్ని బయటకి తీశాడు. ఆ రోజు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. కాలేజీలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను, ఒక్క గుడారం వెయ్యడం రాదు!

నూలు పోగు తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బితే పోగుల మధ్య సందులు మూసుకుపోతాయి. కాన్వాస్ నీటిని ఆపడంలో సగం కిటుకు అదే. కుట్టు దగ్గర మాత్రం సూది చేసిన కన్నం పోగు మందం కన్నా పెద్దది. అందుకని కొత్త గుడారాన్ని ఎండ కాసే రోజున నిలబెట్టి, పైనుంచి కిందదాకా, ముఖ్యంగా కుట్ల దగ్గర, బాగా తడపాలి. పూర్తిగా ఆరనివ్వాలి. మళ్ళీ తడపాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పోగులు సర్దుకుని కుట్టుకన్నాలు బిగుస్తాయి. అప్పటికీ ఎక్కడైనా కారితే ఆ కుట్టు మీద తేనెమైనం రుద్దితే సరి. ఆ తర్వాతే మనుషుల్ని అందులోకి పంపాలి. టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్లోకి పంపి, క్రాష్ అయ్యాక లాంగ్వేజిని తిట్టే బాపతు మనుషులకి ఇంతకన్నా వివరంగా చెప్పలేను.

ఇంకోటి. వాన పడుతుండగా లోపలి నుంచి గుడ్డని ముట్టుకోకూడదు. వీపు ఆనించకూడదు, మూటలు చేర్లేయకూడదు. ముట్టుకున్నచోట నీటి పొర తెగి చుక్క లోపలికి దారి చేసుకుంటుంది. పిల్లలకి ఈ ఒక్క మాట ముందే చెప్పాలి.

ఇక వెయ్యడం. ఉప్పాడలో ఇసుక. ఇసుకలో ఇనప మేకు కొడితే మొదటి గాలికే పళ్ళూడినట్టు ఊడొస్తుంది. మావయ్య పద్ధతి ఇదీ:

కొంచెం మెరక చూసుకుని, గాలి వచ్చే వైపుకి గుడారం వెనకభాగం పెట్టాలి. గుమ్మం గాలికి ఎదురుగా ఉంటే గుడారం తెరచాప అయిపోతుంది. కింద గాజుపెంకులూ నత్తగుల్లలూ ఏరేసి గుడ్డ పరవాలి. గుమ్మం తాళ్ళు ముందే కట్టేసి అప్పుడు నాలుగు మూలలూ బిగించాలి. తెరిచి ఉంచి బిగిస్తే తర్వాత గుమ్మం మూసుకోదు. నేను మొదటిసారి ఆ తప్పే చేశా.

మేకుల బదులు గోనెసంచుల్లో ఇసుక నింపి, నడుముకి తాడు కట్టి, మోకాలి లోతు గొయ్యిలో అడ్డంగా పాతిపెట్టాలి. తాడు గుడారం వైపుకి ఏటవాలుగా పైకి రావాలి. పైన ఇసుక కప్పి, నీళ్ళు పోసి తొక్కాలి. తడి ఇసుక పట్టు వేరు. మేం ఇద్దరం కలిసి ఒక తాడుని లాగి చూశాం, కదల్లేదు.

ఆ తర్వాత రెండు నిట్రాటలూ, వాటి మీద నడికొప్పు కర్రా ఒకేసారి లేపాలి. తాళ్ళు ఎదురెదురుగా జతలుగా బిగించాలి. ఒక వైపంతా బిగించి రెండో వైపుకి వస్తే గుడారం ఒరిగిపోతుంది. కప్పు మీద ఎక్కడా ముడత ఉండకూడదు, ముడతలో నీళ్ళు నిలుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: కొబ్బరి తాడైనా నూలు తాడైనా తడిస్తే కుంచించుకుపోతుంది. అందుకని చీకటి పడే ముందూ, మబ్బు పట్టినప్పుడూ తాళ్ళు కాస్త వదులు చెయ్యాలి. లేకపోతే కర్ర విరుగుతుంది, లేదా గుడ్డ చిరుగుతుంది. నైలాన్ తాడు దీనికి సరిగ్గా తిరగబడి, తడిస్తే సాగుతుంది, దాన్ని బిగించుకోవాలి. ఏ తాడు కట్టావో తెలియకుండా "గుడారం కూలిపోయింది" అనడం న్యాయం కాదు.

రెండు గంటలు పట్టింది మాకు. మామ్మ నిలబడే లోపలికి వెళ్ళింది. చుట్టూ ఒకసారి చూసి, "ఆఁ, ఇది కొంప" అంది. నలభై డోమ్ టెంట్లకి రాని సర్టిఫికెట్ అది.

"మెయింటెనెన్స్ ఎవడు చేస్తాడు?"

అసలు జబ్బు ఇక్కడుందండీ. మన ఇండస్ట్రీలో మెయింటెనెన్స్ అంటే తిట్టు. ఫ్రెషర్ ని సపోర్ట్ ప్రాజెక్టులో వేస్తే ఇంట్లో ఎవరో పోయినట్టు ఫోన్లు చేసి ఏడుస్తాడు. కొత్తగా కట్టినవాడికి అవార్డు, కట్టినదాన్ని పదేళ్ళు నిలబెట్టినవాడికి "ఇంకా అక్కడే ఉన్నావా?" అన్న పలకరింపు. ఆ బుద్ధే మనం చేసే దానంలోకీ వచ్చేసింది. మెయింటెనెన్స్ అక్కర్లేని వస్తువు అంటే ఏంటో ఒక్కసారి ఆలోచించండి. బాగుచెయ్యడానికి వీల్లేక పారెయ్యాల్సిన వస్తువు! డోమ్ టెంటు జిప్పు పోతే ఆ టెంటు పోయినట్టే. కాన్వాస్ చిరిగితే గోనెలు కుట్టే పెద్ద సూదితో మావయ్య కూర్చుని అతుకు వేసేస్తాడు.

పోనీ ఆ మెయింటెనెన్స్ ఏమన్నా రాకెట్ సైన్సా? చెప్తా వినండి.

తడి గుడారాన్ని మడత పెట్టకూడదు. తప్పక పెట్టాల్సి వస్తే ఒకటి రెండు రోజుల్లోపే తీసి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. పైన ఆరినా కుట్లూ అంచులూ ఆరవు, చేత్తో తడిమి చూడాలి. సముద్రం దగ్గర ఇంకో తిరకాసుంది. గుడ్డ మీద ఉప్పు పేరుకుంటే అది గాల్లో తేమని పీల్చుకుని గుడ్డని ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతుంది, ఇనప కళ్ళెల్ని తుప్పు పట్టిస్తుంది. అందుకని వేసిన పని అవగానే మంచినీళ్ళతో కడగాలి. సబ్బుపొడి వెయ్యకూడదు, గుడ్డకి పట్టించిన పూత పోతుంది. మరక ఉంటే మెత్తటి బ్రష్షు చాలు. బూజు పడితే ఎండలో ఆరబెట్టి పొడిగా ఉన్నప్పుడు దులపాలి. బ్లీచింగు జోలికి పోవద్దు, మచ్చతో పాటు నూలు కూడా పోతుంది.

పూత అరిగిపోతే పాత పద్ధతి ఒకటుంది. బట్టల సబ్బు కరిగించిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో ముంచాలి. సబ్బూ పటికా కలిసి పోగుల్లోనే నీళ్ళలో కరగని ఒక పదార్థం తయారవుతుంది, నీటిని పక్కకి తోసేస్తుంది. సబ్బు వద్దని ఇప్పుడే చెప్పి మళ్ళీ సబ్బంటాడేంటి అనుకోకండి. ఇక్కడ పటిక ఆ సబ్బుని కరిగిపోకుండా పట్టేస్తుంది, తేడా అది.

దాచేటప్పుడు గచ్చు మీద పెట్టకూడదు, బల్ల మీదో చెక్కల మీదో పెట్టాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసి ఎండలో వేసి మడత మార్చి పెట్టాలి. ఇది ఉప్పాడలో ఆడవాళ్ళందరికీ తెలిసిన విషయమే. 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఉప్పాడ జాందానీ చీరని బీరువాలో ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. చీరకి తీసుకునే జాగ్రత్తే గుడారానికీ. అంతకన్నా ఏం లేదు.

ఇప్పుడు అవతలి పక్షం నుంచి కూడా మాట్లాడతా, లేకపోతే అన్యాయం అవుతుంది. కాన్వాస్ బరువు. ఐదుగురి గుడారం ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఖరీదూ ఎక్కువే. తుపాను మర్నాడే వెయ్యి ఇళ్ళకి కప్పు కావాలంటే చవగ్గా తేలిగ్గా ఉండే ప్లాస్టిక్ బరకాలే దిక్కు, అందులో అనుమానం లేదు. రెడ్ క్రాస్ వాళ్ళు పంచే 4 మీటర్లకి 6 మీటర్ల బరకం కూలిన కప్పు మీద వేసుకోవడానికి బంగారం. నూలు గుడారంలో పొయ్యి వెలిగించకూడదు, కాన్వాస్ కరగదు గానీ నిప్పురవ్వ పడితే లోలోపల రాజుకుంటుంది. ఇక అసలైన విమర్శ: గోడౌన్లో పడేసిన నూలు గుడారాలు కుళ్ళిపోతాయి. సహాయ సంస్థలు నూరు శాతం నూలు నుంచి జరగడానికి ఇదీ ఒక కారణం. ఒప్పుకుంటా.

కానీ ఆ ముక్క ఏం చెప్తోంది? గోడౌన్ చూసుకునే మనిషి లేడని. దానికి మందు ఆ మనిషిని పెట్టుకోవడం. మనం మాత్రం ఏం చేస్తున్నాం? మనిషి అక్కర్లేని వస్తువు వెతుకుతున్నాం, అది ఇల్లు పోయినవాడి మొహాన కొడుతున్నాం.

ఉప్పాడ ఊరు ఊరంతా ఈ కథే. ఎగువన డ్యాముల దగ్గర గోదావరి ఇసుక ఆగిపోవడం, కాకినాడ రేవు కట్టడాలు, హోప్ ఐలాండ్ దిబ్బ మారుతూ రావడం... ఇలా కారణాలు చెప్తారు, మొత్తానికి ఒడ్డు ఏటా తరుగుతోంది. 2010 ప్రాంతంలో జియోట్యూబ్ గోడ కట్టారు. సింథటిక్ గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి ఒడ్డు పొడవునా పరిచారు. మావయ్య గోనెసంచి లాంటిదే, పెద్ద సైజులో. ఆలోచన మంచిదే. తర్వాత వచ్చిన తుపాన్లకి అది దెబ్బతింటూ పోయింది. గుడ్డలో నింపిన ఇసుకని కట్టి వదిలేస్తే కుదరదు, చిరిగినచోట చిరిగినప్పుడే చూసుకోవాలి. కట్టిన రోజున శిలాఫలకం ఉంటుంది, అతుకు వేసిన రోజున ఏ ఫలకమూ ఉండదు. అందుకే అతుకు ఎవరికీ గుర్తు రాదు.

నేను అడిగేవి మూడే. ఒకటి, వచ్చే తుపాన్లలో మన ఆఫీసు చందాల్లో కనీసం పదో వంతు వస్తువుకి కాకుండా దాన్ని వేసి, కడిగి, ఆరబెట్టి, దాచే మనిషికి కేటాయించండి. తీరం ఊళ్ళలో సప్లై కంపెనీలు ఉన్నాయి. గుడ్డ సంగతి వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు. రెండు, ఏం పంపాలో తెలియనప్పుడు ఆన్ లైన్ రేటింగులు కాకుండా ఆ ఊరివాళ్ళని అడగండి. ఒక ఫోన్ కాల్ పని. మూడు, ఫోటో తీసిన మూడు నెలలకి మళ్ళీ వెళ్ళి ఇంకో ఫోటో తీయండి. రెండోది కూడా నోటీసు బోర్డులో పెట్టే ధైర్యం ఉంటేనే మొదటిది పెట్టండి.

నేను రెండో ఫోటో తీయడానికి సంక్రాంతికి వెళ్ళా. మామ్మ వాళ్ళ గోడ లేచింది, కప్పు పడింది. గుడారం మావయ్య పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య దండెం మీద ఆరుతోంది. కింద అంచు పట్టుకుని చూస్తే ఇంకా చెమ్మగా ఉంది.

"మడత పెట్టెయ్యనా మావయ్యా?" అన్నా.

"ఆగరా, ఇంకో పూట ఎండనీ. నీకన్నీ తొందరే" అన్నాడు.

ఆగాను. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కలిసి మడత పెట్టాం, ఈసారి మడత మార్చి.